పెంటకుప్పలో పాతబడ్డ తొట్టెల

నేను కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే మా మామ నా చేతికి ఒక తోలుతాడు ఇచ్చి "గుంజు" అన్నాడు. అత్త లేని ఇల్లు. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ తాడు ఆమే గుంజేదట. ఆమె పోయాక మా ఆయన గుంజాడు. కోడలొచ్చింది కాబట్టి ఇక నా వంతు.

మాది వడ్లవాళ్ల ఇల్లు. గోపన్‌పల్లికీ నానక్‌రామ్‌గూడకూ నడుమ, బండల మధ్య ఇరికిన చిన్న ఊరు. అరవైల చివరి మాట ఇది. జొన్న చేలు, సీతాఫలం పొదలు, రాళ్ల మీద ఎండ కాచుకునే తొండలు. పట్నం పోవాలంటే లింగంపల్లి దాకా నడిచి రైలెక్కాలి. నాగలి విరిగినా, బండి చక్రం వదులైనా, పెండ్లికి పీటలు కావాలన్నా ఊరంతా మా వాకిట్లోకే వచ్చేది.

ఆ తాడు తరిమెనది. ఇప్పటివాళ్లు తరిమెనను చూసి ఉండరు. భూమిలో పాతిన రెండు మొద్దులు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనుప మొనలు. ఆ మొనల మధ్య కట్టెను బిగించి, దానికి తాడు చుట్టి, ఒకరు ఎదురుగా కూర్చుని మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ గుంజాలి. కట్టె గిరగిరా తిరుగుతుంది. ఇవతల కూర్చున్నవాళ్లు ఉలి ఆనించి దాన్ని గుండ్రంగా, నున్నగా తీస్తారు. కట్టె తమ వైపు తిరిగినప్పుడే ఉలి తెగాలి, అవతలికి తిరిగినప్పుడు వెంట్రుకవాసి ఎత్తిపట్టాలి. మంచం కోళ్లు, అప్పడాల కర్రలు, కవ్వాలు, పిల్లల గిలకలు అన్నీ దాని మీదే తయారయ్యేవి.

చాలా కాలం తాడే గుంజాను. అరచేతులు కాయలు కాచాయి. తర్వాత మామ ఎడమ కంటికి పొర కమ్మింది. తిరిగే కట్టె అంచు ఆయనకు ఆనడం మానేసింది. మా ఆయనకు తరిమెన అంటే విసుగు. తలుపులు, కిటికీలు, తొందరగా తెమిలే పనులంటేనే ఇష్టం. ఒకనాడు మామ తన పీట మీది నుంచి లేచి నాకు చూపించాడు.

"కూసో. నేను గుంజుత."

"నాకేమొస్తది మామా?"

"ఇన్నొద్దులు ఎదురుంగ కూసోని చూసినవ్ గద. ఇప్పుడు ఇటుకెల్లి చూడు. చప్పుడు ఇను. చప్పుడు మారిందంటే ఉలి తప్పు పట్టినవన్నట్టు."

వాడకట్టంతా నవ్వింది. కోడలు ఉలి పట్టింది, మామ తాడు గుంజుతున్నాడు అని బాయికాడ ఒకటే ముచ్చట. మామ పట్టించుకోలేదు. నేను పాడు చేసిన కట్టెలను పొయ్యిలోకి విసిరేవాడు, బాగా వచ్చినవాటిని చెంపకు ఆనించుకుని చూసేవాడు. ఆయన చెంపకు ఆనించుకున్న నాడు నాకు అన్నం ఎక్కువ సహించేది.

ఆ ఇంటి పనిముట్లు ఆయన తాత నాటివి. బాడిశ ఎన్ని తరాలు నూరారో, సగానికి సగం అరిగిపోయింది. దాని పిడి చెయ్యి పట్టేచోట ఆడదాని నడుములా సన్నబడింది. రెండు రంపాలు, చిత్రిక పట్టే రందా, రకరకాల ఉలులు, కమానుతో తిప్పి రంధ్రాలు పెట్టే బర్మా. వాటిని ఎవరూ దాటకూడదు. తెల్లారి లేచాక మామ మొదట సానరాయి మీద నీళ్లు చల్లేవాడు, తర్వాతే తన మొహాన చల్లుకునేవాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పుట్టుకతోనే రోత ఎక్కువ. ఒకరు ఎంగిలి చేసిన గ్లాసులో తాగలేను. ఈగ వాలిన ముద్ద మింగలేను. "ఇంత రోతదానివి వడ్లోళ్లింట్ల ఎట్ల బతుకుతవే" అని మా అమ్మ తిట్టేది. వడ్లపనిలో సరేసు ఉంటుంది మరి. పశువుల తోలు, గిట్టలు ఉడకబెట్టి తీసిన బంక అది. పాతకుండలో మరుగుతుంటే చచ్చిన గొడ్డు వాసన ఇల్లంతా పాకేది. కొంగు ముక్కుకు చుట్టుకుని కలిపేదాన్ని. కానీ అది పనిలో ఉండే రోత. అతుకు పట్టేసి, చింతపండుతో చేతులు తోముకుంటే పోయేది.

డెబ్బైలు వచ్చి కొన్నేండ్లయ్యేసరికి ఇనుప నాగళ్లు వచ్చాయి. బండ్లకు రబ్బరు చక్రాలు వచ్చాయి. మా వాకిట్లో కట్టెపొట్టు తగ్గిపోయింది. మామ చేసేదేమీ లేక, నూరిన ఉలులనే మళ్లీ నూరుతూ కూర్చునేవాడు.

అప్పుడొచ్చాడు సేటు. పట్నంలో ఆయనకు పాత సామాన్ల దుకాణం. దేవిడీలు, నవాబుల పాత భవంతులు, ఒకటొకటిగా అమ్ముడుపోతున్న రోజులవి. వాటిలోంచి వచ్చిన కుర్చీలకు, అద్దాలకు కొత్తగా మేడలు కట్టుకున్నవాళ్ల దగ్గర మంచి గిరాకీ. దేవిడీల సరుకు చాలక ఆయన ఊళ్లు పట్టుకు తిరుగుతూ పాత తలుపులు, స్తంభాలు కొనుక్కుపోయేవాడు. ఒక ఎండపూట మా ఇంటి ముందు దాహానికి ఆగాడు. నీళ్లు తాగుతూ, కొత్తగా చేసి గోడకు ఆనించిన దర్వాజను వేలితో నిమిరాడు. బాడిశతో చెక్కిన కట్టె మీద సన్నటి అలలుంటాయి. కంటికి కనపడవు, వేలికి తెలుస్తాయి.

"ఉస్తాద్, ఇది మిషన్ కట్టె కాదు గద?"

"మిషన్ మా ఇంట్లకు రాలె సేటు," అన్నాడు మామ.

"అరె వా," అని ఇంకోసారి నిమిరి చూశాడు సేటు.

వారం తిరక్కముందే ఎడ్లబండిలో విరిగిపోయిన పాత తొట్టెల, పిల్లల ఉయ్యాల, ఒకటి, మంచి టేకు దుంగలు తెచ్చి మా వాకిట్లో దించాడు. "దీనికి జోడు చెయ్యాలె. పెద్దోళ్ల ఇంట్లకు," అన్నాడు.

ఆ తొట్టెల చేసిన రోజులు నా బతుకులో మంచి రోజులు. మామకు ప్రాణం లేచొచ్చింది. రెండు పక్కలా నిలబడే కోళ్లు, నడుమ వేలాడే పడక, దాని చుట్టూ సన్నటి కమ్మీలు. కోళ్లు, కమ్మీలు అన్నీ నేనే తరిమెన పట్టాను. తలపట్టె మీద మామ రెండు చిలుకలను చెక్కాడు. కన్ను ఆనకపోయినా వేళ్లతో తడుముతూ చెక్కాడు. మా ఆయన పడక బిగించాడు. ఒక్క మేకు లేదు. అంతా చెక్కలో చెక్క దిగే అతుకులే. అయిపోయినాక వాకిట్లో నిలబెట్టి మామ వేలితో ఒక్కసారి తోస్తే చాలాసేపు చప్పుడు లేకుండా ఊగింది. టేకు కొత్త వాసన, తేనెరంగు. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి చూసి, పిల్లలను అందులో పెట్టి ఊపి పోయారు.

సేటు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. మామ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత మా ఆయనను బయటికి పిలిచి, చింతచెట్టు కింద చాలాసేపు మాట్లాడాడు. తొట్టెలను మాత్రం తీసుకుపోలేదు.

మర్నాడు బిందెతో నీళ్లు తెస్తుంటే మా వాకిట్లోంచి దబ్బదబ్బ చప్పుడు వినిపించింది. పామును కొడుతున్నారేమో అనుకున్నాను. వచ్చి చూస్తే మా ఆయన సైకిలు చైను పట్టుకుని తొట్టెల కోళ్లను బాదుతున్నాడు. నేను ఊపిరి బిగబట్టి నున్నగా తీసిన కోళ్లు.

"ఏం చేస్తున్నవ్? పిచ్చి లేసిందా?" అన్నాను. బిందె ఎక్కడ దించానో కూడా గుర్తులేదు.

"పాతది చేస్తున్న. సేటు చెప్పిండు. కొత్తదైతే ఎవడు కొంటడు? నవాబుల ఇంట్లకెల్లి వచ్చిందంటే ఎగబడి కొంటరు."

మామ అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"మామా, చూస్తలేవా?"

మా ఆయన చైను పక్కన పడేసి బర్మా తీసుకున్నాడు. సన్నటి మొన పెట్టి, పురుగు తిన్నట్టు కనపడాలని వరసగా రంధ్రాలు పెట్టసాగాడు. అప్పుడు మామ లేచి వచ్చాడు. బర్మాను కొడుకు చేతిలోంచి గుంజుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు చెంప పగలగొడతాడు అనుకున్నాను.

"పురుగు గిట్ల సూటిగ పోతదార? లైన్ల నిలవడి తింటదా?" అన్నాడు మామ. "జర ఇటు చూడు. టేకుల చేవను పురుగు ముట్టది. ఈ అంచుకున్న తెల్లకట్టెనే తింటది. ఇగో, ఇక్కడ నాలుగు, గిక్కడ ఒకటి. వంకరగ పొడువాలె. పొడిసినంక కొంచెం పొట్టు లోపలనే ఉంచాలె."

నాకు ఉలి పట్టడం నేర్పినప్పుడు ఆయన మొహం ఎట్లా ఉండేదో అప్పుడూ అట్లాగే ఉంది. అదే ఓపిక, అదే చిన్న నవ్వు. ఒక రంధ్రం కుదిరాక, చెంపకు ఆనించుకోలేదు గానీ, తల పక్కకు వంచి మురిపెంగా చూసుకున్నాడు. చైను పట్టిన మొగుణ్ని చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. మామను చూసినప్పుడు రోత పుట్టింది.

తర్వాతి పనులన్నీ వెనక దొడ్లో జరిగాయి. సేటు సీసాల్లో తేజాబ్, అదే యాసిడ్, పంపాడు. గుడ్డ ముంచి రాస్తే కట్టె బుసబుసమని పొగ కక్కి నల్లబడింది. పడక వేలాడే ఇత్తడి కడియాలకు చిలుం పట్టాలని మైలతుత్తం పూశారు. ఆ తర్వాత గోనెసంచులు చుట్టి, కొట్టం వెనక పెంటకుప్ప తవ్వి, తొట్టెలను దాంట్లో పూడ్చారు. రోజూ పొద్దున, సాయంత్రం దాని మీద గొడ్ల ఉచ్చ పోయాలి. పాత కట్టెకు ఉండే నలుపు, లోతు అట్లా అయితేనే వస్తుందట. ఆ పని నాకు చెప్పారు.

"నేను చెయ్య," అన్నాను.

"సరేసు ఇంతకన్న కంపు కొడ్తది గద కోడలా. అది కలిపినవ్ గద," అన్నాడు మామ, నిజంగా అర్థం కానట్టు.

అయినా పొయ్యలేదు. మా ఆయనే పోశాడు. పోసి, చేతులు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చునేవాడు. ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ చేతులకు తేజాబ్ ఘాటు, పెంట పులుపు కలిసిన ఒక వాసన ఉండేది. ఆ చేత్తో పప్పు కలుపుతుంటే చూడలేక లేచిపోయేదాన్ని. వాంతులు పట్టుకున్నాయి. పక్కింటి ముసలమ్మ నవ్వుతూ వచ్చి, "నీళ్లోసుకున్నవా బిడ్డా?" అని పచ్చి మామిడికాయలు ఇచ్చి పోయింది. కడుపు కాదు, రోత అని ఎట్లా చెప్పను? ఉప్పు కారం అద్దుకుని తిన్నాను. అవొక్కటే కడుపులో నిలిచాయి.

ఎండలు తగ్గాక తొట్టెలను బయటికి తీశారు. గోనె విప్పితే తెల్లటి పురుగులు జలజలా రాలాయి. చిలుకల ముక్కుల్లో, రెక్కల గీతల్లో, నా కమ్మీల మెలికల్లో పెంట గట్టిగా అంటుకుని ఉంది. కడిగారు, ఎండబెట్టారు, పిడకల పొగ పట్టించి, అవిసె నూనె రుద్దారు. నిజం చెప్పాలంటే, అది వందేండ్ల నాటిదిలాగే ఉంది. తాతలు, ముత్తాతలు పడుకున్నట్టే ఉంది. సేటు దాని చుట్టూ తిరిగి, పురుగు రంధ్రాల్లో గడ్డిపోచ పెట్టి చూసి, "కమాల్, ఉస్తాద్!" అని మామను కావలించుకున్నాడు. మామ సిగ్గుపడ్డాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.

కొన్ని నెలల తర్వాత సేటు కబురు పంపాడు. కొన్నవాళ్లింట్లో తొట్టెల కిర్రుమంటోందట, ఒక కమ్మీ చీలిందట. పెంటలో నానిన కట్టె చీలక ఏం చేస్తుంది? కొత్త కమ్మీ తరిమెన పట్టాలంటే కొలత నేనే చూడాలి. అందుకని మా ఆయనతో నేనూ పట్నం పోయాను.

కోస్తా నుంచి వచ్చిన పెద్ద ఉద్యోగి ఇల్లది. గేటు, పూలకుండీలు, హాల్లో పెద్ద తివాచీ. ఆయన భార్య మంచి మనిషి. నాకంటే నాలుగైదేండ్లు పెద్దదేమో. లోపలి గదిలోకి తీసుకుపోయింది. తొట్టెలలో ఏడెనిమిది నెలల ఆడపిల్ల బోర్లా పడుకుని, పక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకుని చప్పరిస్తోంది. గడ్డం మీదుగా చొంగ కారుతోంది.

"ఇదేనమ్మా, ఈ కమ్మీ," అంది ఆవిడ. "జాగ్రత్తగా చూడు, దాని చేతికి గుచ్చుకుంటుందేమోనని భయంగా ఉంది. పళ్లొస్తున్నాయి కదా, ఏది దొరికితే అది కొరుకుతోంది. నోరంతా పుళ్లు, పాలు కూడా తాగట్లేదు. డాక్టరు గారు నీలం మందు రాయమన్నారు. తగ్గుతాయి, మళ్లీ వస్తాయి."

పిల్ల పెదవుల లోపల చూశాను. నీలం మందు మధ్య ఎర్రగా, పచ్చిగా పుండ్లు.

"నాకసలు ఈ చెక్కంటే మొదటి నుంచీ పడదు," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఎండలో పెట్టినా ఏదో కంపు. మా వారేమో అది నవాబుల కాలం వాసన అంటారు."

మా ఆయన వెనక నుంచి నా మోచేయి గిల్లాడు. మాట్లాడకు అని. ఆ చెయ్యి తగలగానే, విదిలించుకుని ఆవిడ ముందుకు వచ్చాను.

"అమ్మా, పాపను అండ్లకెల్లి తియ్యుండ్రి," అన్నాను. "అది నవాబుల వాసన కాదు. తేజాబ్ పూసిండ్రు దానికి. తుత్తం పూసిండ్రు. పెంటకుప్పల పూడ్చి, గొడ్ల ఉచ్చ పోసిండ్రు. పోయిన ఏడు మా ఇంట్ల చేసిన తొట్టెల ఇది. ఈ కమ్మీలు నేనే చేసిన."

ఆవిడ పిల్లను చటుక్కున ఎత్తుకుని గుండెకు అదుముకుంది. కొంగుతో పిల్ల నాలుక తుడిచింది, మళ్లీ మళ్లీ తుడిచింది. పిల్ల ఏడ్చింది. ఆ పుండ్లు తేజాబ్ వల్లనో, పెంట వల్లనో, వట్టి పండ్లు రావడం వల్లనో నేనిప్పటికీ చెప్పలేను. కానీ ఆ గదిలో నిలబడినప్పుడు నాకు అనుమానం లేదు.

ఏడుపు విని ఆవిడ భర్త వచ్చాడు. ఆవిడ గబగబా చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. ఇక సేటు పని అయిపోయింది, మా పనీ అయిపోయింది, పోలీసులను పిలుస్తాడు అనుకున్నాను. పిలిచినా మంచిదే అనుకున్నాను.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు ఆయన.

"లేదు సార్," అన్నాడు మా ఆయన.

"అది కాదండీ, ముందు పిల్ల నోరు చూడండి!" అంది ఆవిడ.

"చూశాను. దాన్ని ఇందులో పడుకోబెట్టకు, అంతే. చీరతో ఉయ్యాల కట్టించు. దీన్ని హాల్లో పెడదాం." తొట్టెలను కాసేపు చూసి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఫలానా దేవిడీ నుంచి వచ్చిందని చెప్పాను. ఇప్పుడేమని చెప్పను?"

తర్వాత చిలుకల మీద వేలు పెట్టి నిమిరాడు. మా ఆయన వైపు తిరిగాడు.

"నిజంగా మీరే చేశారా? ఎవరూ పట్టుకోలేకపోయారయ్యా. దీనికి జతగా రెండు కుర్చీలు చేయగలరా? ఇంతే పాతగా ఉండాలి. మధ్యలో ఆ దుకాణం వాడెందుకు, నేరుగా నాకే ఇవ్వండి."

"చేస్తం సార్," అన్నాడు మా ఆయన.

ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ పిల్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను కొలత తీసుకోలేదు. చెప్పులేసుకుని గేటు బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ ఇంట్లో నాకు ఇచ్చిన కాఫీ గడప పక్కన అట్లాగే ఉండిపోయింది.

రైల్లో మా ఆయన పల్లీలు కొన్నాడు. పొట్టు ఊదుకుంటూ తింటున్నాడు.

"నువ్వు చెప్పి మంచి పనే చేసినవ్," అన్నాడు. "సేటు లేకుంట పని దొరికింది."

"పిల్ల నోరు చూడలేదా నువ్వు?"

"చూసిన. తీసేసిండ్రు గద ఇగ."

"ఆ కుర్చీలకు నేను కోళ్లు చెయ్య."

"నువ్వు గాకుంటె ఇంకోలు చేస్తరు."

"చేసుకో. ఆ చేతులతోటి నా ముంతల నీళ్లు మాత్రం ముంచకు."

ఎదురుగా కూర్చున్నవాళ్లు వింటున్నారు. నాకు సిగ్గనిపించలేదు. లింగంపల్లిలో దిగి ఇంటి దాకా ఆయన ముందు, నేను వెనక నడిచాం.

ఇంటికి రాగానే మామ ఆత్రంగా ఎదురొచ్చాడు. నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. పూర్తి కానివ్వలేదు.

"నువ్వు చెప్పేదాక ఆ సారు గుర్తుపట్టలేదా? పురుగు పొక్కలు చూసి గూడ?"

"పట్టలేదు మామా."

ఆయన ఒక్క కన్ను మెరిసింది. నా కళ్లతో చూశాను.

"పిల్ల నోరంత పుండయింది మామా. ఆ కట్టె చీకి చీకి పుండయింది. పాలు గూడ తాగుతలేదంట."

ఆ మెరుపు పోయింది. ఆ పూట అన్నం తినలేదు. అరుగు మీద గొంగడి కప్పుకుని పడుకున్నాడు. నాకు ఆశ పుట్టింది. ఇక అయిపోయింది, ఈ మనిషి మళ్లీ మొదటి మనిషి అవుతాడు అనుకున్నాను.

తెల్లారి లేచి కొడుకును పిలిచాడు.

"తేజాబ్ వద్దు. తుత్తం వద్దు. చాయ డికాషన్, పాన్ల ఏసే కాచు సాలు. రంగు అదే వస్తది," అన్నాడు. "పెంటల మాత్రం కొన్నొద్దులు ఉండాలె."

అంతే. అంతవరకే కదిలాడు ఆయన. కుర్చీలు చేశారు. తర్వాత సేటుకు కూడా చేశారు, అద్దాల చట్రాలు, పాన్‌దాన్ పెట్టెలు, ఖురాన్ పెట్టుకునే రెహళ్లు. దేవుడి సామానునూ పెంటలో పూడ్చారు.

నేను తరిమెనను దొడ్లోంచి ఇంటి ముందుకు మార్చుకున్నాను. వాడకట్టులో ఒక విధవరాలు తాడు గుంజడానికి ఒప్పుకుంది. గిలకలు, బొంగరాలు, చక్రాల బండ్లు, అప్పడాల కర్రలు చేశాం. తిరుగుతున్న కట్టెకు లక్క కడ్డీ ఆనిస్తే వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. పసుపు పచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కొక్కటీ అయ్యాక నా నాలుకకు ఆనించి చూసుకునేదాన్ని. ఎంగిలి అంటే చచ్చే నేను, ఆ ఒక్క పనికి మాత్రం జంకలేదు. గోపన్‌పల్లి పక్కన పెద్ద చదువుల బడి కట్టడం మొదలయ్యాక అక్కడికి కొత్తగా వచ్చిన కుటుంబాలు పిల్లలకు బొమ్మలు కొనేవి. అంగడికి కూడా తీసుకుపోయేదాన్ని.

ఆ బొమ్మల దగ్గరికి ఒకసారి ఆ పట్నం ఆవిడ కారులో వచ్చింది. ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చిందట. పిల్ల నడుస్తోంది. నోరు బాగుంది. పండ్లు తళతళలాడుతున్నాయి. ఆవిడ ఒక గిలక తీసుకుని, పిల్లకు ఇచ్చే ముందు వాసన చూసింది. చూసి, నా మొహం చూసి నొచ్చుకుంది.

"చూడుండ్రి అమ్మా, ప్రతి ఒక్కటి చూసే ఇయ్యుండ్రి," అన్నాను.

"ఆ కుర్చీలు కూడా వచ్చాయి మా ఇంటికి," అంది ఆవిడ. "మూడూ కలిపి ఒకే దేవిడీవని చెబుతున్నారు మా వారు. ఎన్నిసార్లు చెప్పారో, ఇప్పుడు ఆయనకే నిజమనిపిస్తోంది. నేనా గదిలో కూర్చోనమ్మా. చుట్టాలొస్తే వంటింట్లోనే ఉండిపోతాను."

ఆ మాటకు ఇద్దరం నవ్వాం గానీ, అది నవ్వు కాదు.

మామ ఆ మరుసటి చలికాలంలో పోయాడు. చివరి నెలల్లో రెండు కళ్లూ పోయాయి. నేనే అన్నం తినిపించేదాన్ని. నా బొమ్మలు చేతికిస్తే తడిమి చూసి చెంపకు ఆనించుకునేవాడు. ఒకసారి, "నీ చెయ్యి నా చెయ్యి కన్న మంచిగున్నది," అన్నాడు. దేని గురించి అన్నాడో నేను అడగలేదు. ఆయనంటే నాకు ప్రేమ పోలేదు. రోతా పోలేదు. రెండూ ఒకే కడుపులో ఎట్లా ఉంటాయని అడిగితే చెప్పలేను. ఉన్నాయి.

దినాలయ్యాక సేటు పరామర్శకు వచ్చాడు. కాసేపు కళ్లు తుడుచుకుని, తర్వాత మెల్లగా పనిముట్ల సంగతి ఎత్తాడు. ఆ బాడిశ కట్టె మీద వదిలే అలల గుర్తు ఇంకే ఇనుముకూ రాదట. తన దగ్గర పనిచేసే వేరే వాళ్లకు అవి కావాలట. మా ఆయన లోపలికి పోయి సంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"అవి నేను వాడుకుంటున్న సేటు," అన్నాను.

"ఆడమనిషికి బాడిశ ఎందుకమ్మా?" అని నవ్వాడు ఆయన.

మా ఆయన సంచి మూతి విప్పబోయి ఆగాడు. తల ఎత్తకుండానే, "ఆమె పని ఉన్నది వాటితోటి," అన్నాడు. సంచి తీసుకుపోయి మళ్లీ లోపల పెట్టాడు. నేను ఆ పొద్దు ఆయనకు చాలా రోజుల తర్వాత నా చేత్తో అన్నం వడ్డించాను. ఆ సాయంత్రమే ఆయన సేటుకు ఇవ్వాల్సిన అద్దం చట్రం బండికి ఎక్కించి పంపాడు. అది కూడా చూశాను.

ఆ తర్వాత ఏడాదికి ఆయనకు పటాన్‌చెరు వైపు ఒక కార్ఖానాలో వడ్ల పని దొరికింది. ఇనుము పోతపోయడానికి ముందు కట్టెతో అచ్చులు చేసే పని. పొద్దున క్యారియరు పట్టుకుని పోయి, సాయంత్రం ఒంటి నిండా తెల్ల పొట్టుతో వచ్చేవాడు. సేటు రెండు మూడుసార్లు కబురు పంపి మానుకున్నాడు. పెంటకుప్పను ఒక రైతు బండ్లతో తోలుకుపోయి చేనుకు వేసుకున్నాడు. గుంత పూడ్చాం. అక్కడ నేను గోంగూర చల్లాను. బాగా వచ్చింది, ఊరంతా కోసుకుపోయింది. నేను మాత్రం దాన్ని వండలేదు. అంగట్లో వేరేది కొని వండుకున్నాను.